ఏడు వారాల సెలవులకు సినిమా ఏది?

(2025 డిసెంబర్‌లో ఒక గ్రంథాలయం హాలులో జరిగిన సినిమా సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. బయట చలి. స్వెటర్లు, మఫ్లర్లు వేసుకుని వచ్చారు. మీతో నేను ఎండాకాలం గురించి మాట్లాడాలి. నిర్వాహకులు నాకిచ్చిన అంశం "సమ్మర్ బ్లాక్‌బస్టర్లు, రాబోయే సినిమాలు". నేను విమర్శకుణ్ణి కాను, పరిశ్రమలో ఎవరూ తెలియదు. టికెట్ కొనుక్కుని చూసి, ఇంటికొచ్చి దాని గురించే మాట్లాడి ఇంట్లోవాళ్లను విసిగించే రకం. కాబట్టి లోపలి రహస్యాలేమైనా చెబుతానని ఎవరైనా వచ్చి ఉంటే ముందే క్షమించండి. (నవ్వులు)

ముందు ఒక తేదీ చెబుతాను. ఏప్రిల్ 28. 1977లో ఆ రోజున "అడవి రాముడు" వచ్చింది. 1994లో అదే తేదీకి "యమలీల", 2006లో "పోకిరి", 2017లో "బాహుబలి 2". ఇలాంటిదే మరొకటి మే 9. 1990లో "జగదేకవీరుడు అతిలోక సుందరి", 1991లో "గ్యాంగ్ లీడర్", 1997లో "ప్రేమించుకుందాం రా", 2002లో "సంతోషం", 2018లో "మహానటి", 2019లో "మహర్షి". మన సినిమావాళ్లకు ముహూర్తాల మీద నమ్మకం ఎక్కువని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తేదీల్లో ఏదో ఉందనుకుంటారు. ఏమీ లేదండీ. 2023 ఏప్రిల్ 28న "ఏజెంట్" వచ్చింది, నిలబడలేదు. ఆ తేదీలకు ఉన్న బలమంతా పక్కనున్న క్యాలెండర్‌లో ఉంది. బడులకు సెలవులిచ్చి నాలుగైదు రోజులవుతుంది, లేదా రెండు వారాలవుతుంది. ఇంట్లో పిల్లలుంటారు, వాళ్లతో ఏం చేయాలో పెద్దవాళ్లకు తోచదు. అదీ సంగతి.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. మన వేసవి సినిమాను నిలబెట్టింది పిల్లలు. వాళ్లను మరిచిపోయాక మన వేసవి ఖాళీ అయింది. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

అమెరికా సంగతి రెండు ముక్కల్లో చెప్పి వచ్చేస్తాను, ఎందుకంటే "సమ్మర్ బ్లాక్‌బస్టర్" అనే మాట అక్కడిది. ఒకప్పుడు అక్కడ ఎండాకాలంలో హాళ్లు ఖాళీగా ఉండేవట, ఉక్కపోతకు జనం లోపల కూర్చోలేక. 1925లో న్యూయార్క్‌లోని రివోలీ థియేటర్‌లో విల్లిస్ క్యారియర్ ఏసీ పెట్టించాడు. అప్పట్నుంచి చల్లదనం కోసమే జనం సినిమాకు రావడం మొదలుపెట్టారు. ఆ తర్వాత 1975 జూన్‌లో "జాస్", 1977 మే 25న "స్టార్ వార్స్" వచ్చి, వేసవి అంటే పెద్ద సినిమా అని స్థిరపరిచాయి. 1977 మే 25! అప్పటికి మన దగ్గర "అడవి రాముడు" వచ్చి నాలుగు వారాలు. రాఘవేంద్రరావు గారు, జంధ్యాల గారు, వేటూరి గారు, ఎన్టీఆర్ గారు కలిసి అడవిలో ఏనుగులతో చేసిన ఆ సందడి హాళ్లలో సాగుతుండగానే అక్కడ ఆ అంతరిక్ష యుద్ధం మొదలైంది. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు. సెలవుల్లో పిల్లలకు ఏనుగు కావాలి, లేదంటే రాకెట్ కావాలి. అది ఏ ఊరికైనా ఒకటే.

ఇప్పుడు మన 1990కి వద్దాం. "జగదేకవీరుడు అతిలోక సుందరి" మే 9న విడుదలైంది. సరిగ్గా అదే రోజు పెద్ద తుపాను కోస్తా ఆంధ్రాను తాకింది. దాదాపు వెయ్యి మంది చనిపోయిన తుపాను అది. రోడ్లు తెగిపోయాయి, కరెంటు లేదు. అలాంటప్పుడు సినిమా సంగతి ఎవడికి కావాలి? ఇవాళ్టి లెక్కలో అయితే ఆ సినిమా పని మొదటి శుక్రవారానికే అయిపోయేది. మొదటి మూడు రోజులు పోతే ఇప్పుడు ఇంకేమీ మిగలదు కదా. కానీ అప్పుడు వాన వెలిసింది, నీళ్లు తీశాయి, జనం మెల్లగా హాళ్లకు రావడం మొదలుపెట్టారు. ఇంకా సెలవులు నెల రోజులున్నాయి. ఆ సినిమా చరిత్రలో నిలిచిపోయింది.

దాన్ని ఒక్కసారి పిల్లల కళ్లతో చూడండి. స్వర్గం నుంచి ఒక దేవకన్య దిగి వస్తుంది, ఉంగరం పారేసుకుంటుంది. ఆ ఉంగరం ఒక మామూలు గైడుకు దొరుకుతుంది. అతని ఇంట్లో దిక్కులేని పిల్లలుంటారు, షాలిని, షామిలి అందులో ఉన్నారు. ఒక మంత్రగాడు ఉంటాడు, మనిషిని చూస్తేనే భయం. ఇక పెద్దవాళ్లకేమో చిరంజీవి, శ్రీదేవి, ఇళయరాజా. పిల్లాడు దేవకన్య కోసం వెళ్తే, తండ్రి శ్రీదేవి కోసం వెళ్తాడు. (నవ్వులు) ఇద్దరికీ కలిపి టికెట్లు తెగుతాయి. వేసవి సినిమా లెక్క ఎలా ఉండాలో చెప్పమంటే నేను ఇదే చూపిస్తాను.

1994 నాకు సొంత అనుభవం. మా అమ్మమ్మ వాళ్లది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న ఊరు. పరీక్షలయ్యాయంటే బస్సెక్కించేసేవాళ్లు. ఆ ఏడాది ఏప్రిల్ 14న "భైరవద్వీపం", రెండు వారాలకు "యమలీల" విడుదలయ్యాయి. మా ఊరికి విడుదల రోజున ఏదీ రాదు. అప్పట్లో ప్రింట్లు లెక్కపెట్టి తీసేవాళ్లు. ముందు పెద్ద ఊళ్లు, అక్కడ వేడి తగ్గాక చిన్న ఊళ్లు. ఏప్రిల్‌లో వచ్చిన సినిమా మాకు మే చివర్లోనో జూన్ మొదట్లోనో దిగేది. అప్పటికి కథ మొత్తం మాకు తెలుసు. బంధువుల పిల్లలు ఎవరో ఒకరు ఏలూరులోనో భీమవరంలోనో చూసి వచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి మొత్తం నటించి చూపించేవాళ్లు. అయినా చూడాలి. కథ తెలిసిపోతే సినిమా పాడైపోతుందన్న భయం మాకెవరికీ లేదు. ఈ స్పాయిలర్ల గొడవంతా తర్వాత వచ్చింది.

మా ఊరి హాలు రేకుల షెడ్డు. మ్యాట్నీకి వెళ్తే లోపల కాలిపోయేది, అందుకని ఆడవాళ్లందరూ ఫస్ట్ షోకి బయల్దేరేవాళ్లు. గుమ్మాలకు గోనెపట్టాలు తడిపి వేలాడదీసేవాళ్లు. మా అమ్మమ్మ ఒక మరచెంబుతో నీళ్లు, ఒక విసనకర్ర తెచ్చుకునేది. ఒక్కోసారి రెండు ఊళ్లకూ ఒకటే ప్రింటు. పక్క ఊళ్లో రీలు అయిపోయాక పెట్టె సైకిల్ మీద మా ఊరికి రావాలి. ఆలస్యమైతే తెర మీద స్లైడ్లు వేస్తారు. బట్టల కొట్టు, కిరాణా కొట్టు, మళ్లీ బట్టల కొట్టు. ఆ సైకిలతను చెమటతో తడిసి ముద్దై హాలు పక్క సందులోంచి వస్తుంటే హీరో ఎంట్రీకి కొట్టినట్టు ఈలలు కొట్టేవాళ్లు.

"భైరవద్వీపం"లో బాలకృష్ణ కురూపి అవుతాడు. ఆ ముఖం చూసి నా పక్కనున్న చిన్నవాడు వాళ్లమ్మ చెంగులో దూరి, మళ్లీ కొంచెం చెంగు తీసి చూస్తాడు, మళ్లీ దూరతాడు. నేనూ ధైర్యంగా ఏమీ లేనులెండి. సింగీతం శ్రీనివాసరావు గారు ఆ సినిమాలో భయాన్ని ఎంత కొలతగా పెట్టారంటే, పిల్లలు భయపడతారు కానీ ఇంటికెళ్లి ఏడవరు. ఎగిరే గుర్రం, మరుగుజ్జులు, మాంత్రికుడి గుహ. గ్రాఫిక్స్ ఇప్పటిలా లేని రోజుల్లో అదంతా చేశారు. నిర్మించిన సంస్థ పేరులోనే చందమామ ఉంది, ఇక అడగాలా?

"యమలీల" ఇంకో రకం. ఆ సినిమా హీరో అలీ. అప్పటికి కమెడియన్. పెద్ద హీరో సినిమాలు తిరుగుతున్న వేసవిలో ఒక కమెడియన్‌ను హీరోగా పెట్టి ఎస్వీ కృష్ణారెడ్డి గారు వదిలారు. కథ చూడండి: యముడి దగ్గరున్న భవిష్యవాణి పుస్తకం జారి భూమ్మీద అలీ ఇంటి మీద పడుతుంది. రేపు ఏం జరుగుతుందో అందులో రాసి ఉంటుంది. సెలవుల్లో ఉన్న పిల్లాడికి ఇంతకన్నా ఏం కావాలి? వచ్చే ఏడాది పరీక్ష ప్రశ్నలు అందులో ఉంటాయా అని మేం గంటలకొద్దీ చర్చించుకున్నాం. (నవ్వులు) ఆ పుస్తకం వెతుక్కుంటూ కైకాల సత్యనారాయణ గారు, బ్రహ్మానందం గారు కిందికి దిగి, ఇక్కడి ఐస్‌క్రీం రుచి మరిగి దానికి హిమక్రీములని పేరు పెడతారు. ఆ వేసవంతా మా ఊళ్లో పుల్ల ఐస్ అమ్మే ఆయన్ని పిల్లలు "హిమక్రీములున్నాయా?" అని అడిగి అడిగి చంపేశారు. పాపం ఆయన సినిమా చూడలేదు. చాలా రోజులు మేం ఏదో కొత్త సరుకు అడుగుతున్నామనుకున్నాడు.

సరే, ఇంకోవైపు కూడా చెప్పాలి. అన్నీ పిల్లల సినిమాలే ఆడాయా అంటే కాదు. 2001 ఏప్రిల్‌లో "ఖుషి", 2004 మేలో "ఆర్య", 2006లో "పోకిరి". ఇవి కాలేజీ కుర్రాళ్లు భుజాన వేసుకున్న సినిమాలు. ఇంటర్ పరీక్షలయ్యాయి, ఎంసెట్ అయ్యింది లేదా అవబోతోంది, చేతిలో కాలక్షేపం తప్ప ఏమీ లేదు. "పోకిరి"లో క్లైమాక్స్ ముందు హీరో అసలెవరో తెలిసే ఆ ఘట్టం కోసం ఒకే కుర్రాడు మళ్లీ మళ్లీ వెళ్లాడు, వెళ్లిన ప్రతిసారీ కొత్తవాణ్ణి ఒకణ్ణి వెంటేసుకుని వెళ్లాడు. పక్కవాడు ఆశ్చర్యపోతుంటే చూడ్డానికి! అంటే ఇక్కడా సెలవులే. ఖాళీగా ఉన్నవాడు రెండోసారి వస్తాడు. సంక్రాంతికి ఆ వీలుండదు. పండగ నాలుగు రోజులు, అందరూ ఒకేసారి వచ్చి చూసి వెళ్లిపోతారు, మళ్లీ ఆఫీసులు, బడులు. మన బడులకు వేసవి సెలవులు మొన్న 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా. లెక్కపెట్టండి, సరిగ్గా ఏడు వారాలు. ఇంత పొడవైన కాలం ఏడాదిలో ఇంకెక్కడా దొరకదు.

ఆ ఏడు వారాల్లో మనవాళ్లు ఏం చేశారో చూద్దాం. ఈ 2025 వేసవికి ముందు ప్రకటించిన తేదీలు నాకు నోటికొచ్చు, అభిమానులకు ఇదో జబ్బు. ఏప్రిల్ 10న "ది రాజాసాబ్". ఏప్రిల్ 18న "ఘాటి". ఏప్రిల్ 25న "కన్నప్ప". మే 9న "హరిహర వీరమల్లు". అదే మే 9న "మాస్ జాతర". మే 30న "కింగ్‌డమ్". ఎంత నిండుగా ఉందో చూశారా? కాగితం మీద చూస్తే 1994 కన్నా గొప్ప వేసవి. ఏమైంది? "కన్నప్ప" జూన్ 27న వచ్చింది. "వీరమల్లు" జులై 24న, "కింగ్‌డమ్" జులై 31న. "ఘాటి" సెప్టెంబర్ 5న, "మాస్ జాతర" అక్టోబర్ 31 ప్రీమియర్లతో నవంబర్ 1న. "రాజాసాబ్" ఇంకా రాలేదు, జనవరి 9 అంటున్నారు. ఒక్కటంటే ఒక్కటి చెప్పిన రోజున రాలేదు.

బస్సులో సీటుకు కర్చీఫ్ వేసినట్టు తేదీకి వేస్తారు. వేసినవాడు బస్సెక్కడు, పక్కవాణ్ణి కూర్చోనివ్వడు. పెద్ద సినిమా ఆ రోజున ఉందని భయపడి చిన్న నిర్మాత తన సినిమాను ఆర్నెల్లు వెనక్కి జరుపుకుంటాడు. తీరా రెండు వారాల ముందు పెద్ద సినిమా రాదని తెలుస్తుంది. అప్పటికి ఇతనికి ప్రచారం చేసుకునే టైమ్ ఉండదు. గ్రాఫిక్స్ పూర్తి కాలేదు, ఓటీటీ డీల్ తెగలేదు, ఫైనాన్స్ దగ్గర చిక్కు. కారణాలు నిజమే కావచ్చు. ఈ నెలలోనే చూశాం కదా, "అఖండ 2" ప్రీమియర్లకు జనం టికెట్లు కొనుక్కుని రెడీగా ఉంటే రాత్రికి రాత్రి ఆగిపోయింది, వారం తర్వాత 12న వచ్చింది. కానీ ప్రతి సినిమాకూ ప్రతిసారీ ఇదే జరుగుతుంటే, ఆ తేదీని మొదట ఎందుకు చెప్పినట్టు?

ఆ ఖాళీ అయిన మే 9న ఏం విడుదలైందో గుర్తుందా? "సింగిల్" వచ్చింది, "శుభం" వచ్చింది, రెండూ చిన్నవే. వాటితోపాటు ముప్ఫై అయిదేళ్లనాటి "జగదేకవీరుడు అతిలోక సుందరి" త్రీడీలో మళ్లీ వచ్చింది. నేను మా అబ్బాయిని తీసుకెళ్లాను. హాల్లో నా వయసువాళ్లే ఎక్కువ, పక్కన కళ్లజోళ్లు సర్దుకుంటూ వాళ్ల పిల్లలు. మావాడు మధ్యలో "ఉంగరం ఇచ్చేస్తే అయిపోతుంది కదా నాన్నా" అన్నాడు. నిజమే అనుకోండి. (నవ్వులు) కానీ కదలకుండా చూశాడు. వాడి సెలవుల్లో వాడికోసం తీసిన తెలుగు సినిమా ఏదీ అంటే, వాడి తండ్రి చిన్నప్పటిది చూపించాల్సి వచ్చింది.

ఎందుకంటే ఆ వేసవికి పెద్ద హిట్టు మే 1న వచ్చిన "హిట్ 3". ఏ సర్టిఫికెట్. అంటే పద్దెనిమిది నిండనివాళ్లకు ప్రవేశమే లేదు. 2023 వేసవిలో బాగా ఆడిన "విరూపాక్ష" కూడా ఏ సర్టిఫికెట్టే. నాకు ఆ సినిమాలతో పేచీ లేదు. "విరూపాక్ష" నాకు చాలా ఇష్టం, రెండుసార్లు చూశాను. రక్తం చూపించొద్దు, భయపెట్టొద్దు అని నేననను. పెద్దవాళ్లకూ సినిమాలుండాలి. సెప్టెంబర్‌లోనో నవంబర్‌లోనో రాకూడదా అంటాను, అంతే. పిల్లలందరూ ఇంట్లో ఉన్న ఏడు వారాలకు పిల్లలు రాకూడని సినిమాను పెట్టడమేమిటి?

దీనికి పూర్తిగా ఎదురు కథ జులైలో జరిగింది. "మహావతార్ నరసింహ". యానిమేషన్, పేరున్న నటుడు ఒక్కడూ తెర మీద లేడు. జులై 25న వచ్చింది, బడులు తెరిచి ఆరు వారాలయ్యాక. హాళ్ల బయట చెప్పులు వదిలి లోపలికి వెళ్లినవాళ్లున్నారు. ప్రహ్లాదుడి కథ తెలియని ఇల్లు మనకు లేదు. అయినా శని ఆదివారాలు పిల్లలు, తాతలు, నాయనమ్మలు కుటుంబాలుగా కదిలివచ్చారు. వారాలకొద్దీ ఆడింది. హోంవర్కుల మధ్య ఇంత ఆడిన సినిమా మే మొదటి వారంలో వచ్చి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. పిల్లలు ఫోన్లకు అలవాటు పడ్డారు, హాలుకు రారు అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఈ విషయం హాలీవుడ్ వాళ్లకు మనకన్నా ముందే అర్థమైంది. 2016లో "ది జంగిల్ బుక్"ను అమెరికా కన్నా వారం ముందు, ఏప్రిల్ 8న మన దేశంలో వదిలారు. మన పిల్లల పరీక్షలు అప్పుడు అయిపోతుంటాయని వాళ్లెవరో లెక్క వేసుకున్నట్టుంది! 2019 ఏప్రిల్ 26న "అవెంజర్స్: ఎండ్‌గేమ్" తెలుగులో కూడా వచ్చింది, అందులో విలన్ థానోస్‌కు రానా గొంతు ఇచ్చాడు. ఆ సెలవుల్లో మా వీధిలో పిల్లలు తెలుగు హీరో పేరుతో ఆడుకోవడం నేను వినలేదు.

ఇక హాళ్ల సంగతి. 2024 మే 17 నుంచి తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు ఆటలు ఆపేశాయి. ఎన్నికలు, ఐపీఎల్, పైగా సినిమాలు లేవు. "కల్కి" మే 9 అన్నారు కానీ, మే 13న పోలింగ్ ఉండేసరికి జూన్ 27కి వెళ్లిపోయింది. కరెంటు బిల్లుకు కూడా వసూళ్లు రాకపోతే తెరిచి ఏం లాభం? మండు వేసవిలో హాలుకు తాళం వేసే రోజు వస్తుందని మనం ఎప్పుడైనా అనుకున్నామా? 2025లో మళ్లీ గొడవ, ఈసారి జూన్ 1 నుంచి మూసేస్తామన్నారు. అద్దె పద్ధతి వద్దు, పర్సంటేజీ కావాలని ఎగ్జిబిటర్ల పట్టు. సినిమా బాగా ఆడే మొదటి వారం డిస్ట్రిబ్యూటర్ హాలుకు అద్దె ఇచ్చి మిగతాదంతా తీసుకుంటాడు, వసూళ్లు పడిపోయాక మాత్రం పర్సంటేజీలోకి వస్తాడు, అంటే లాభం వాళ్లది నష్టం మాది అని వీళ్ల బాధ. చివరికి హాళ్లు మూతపడలేదు కానీ సమస్య అక్కడే ఉంది. నెమ్మదిగా పుంజుకునే సినిమాను అట్టేపెట్టాలని హాలు యజమానికి ఆశ కలగాలంటే, రెండో వారంలో, మూడో వారంలో అతనికి ఏదో ఒకటి మిగలాలి. సినిమా వచ్చిన నాలుగు వారాలకు ఫోన్‌లో వచ్చేస్తుందంటే జనం ఎందుకు కదులుతారు? 1990లో తుపాను వెలిసేదాకా ఆగిన సినిమాకు ఆ అవకాశం ఉంది. ఇప్పటి సినిమాకు వాన వెలిసేలోపు ఓటీటీ తేదీ వచ్చేస్తుంది.

టికెట్ ధర గురించి మాట్లాడకపోతే మీరు నన్ను వదలరు. తెలంగాణ మల్టీప్లెక్స్‌లో మామూలు రేటు 295. నలుగురున్న ఇంటికి 1,180 రూపాయలు. పాప్‌కార్న్ గురించి నేను మాట్లాడను, నా బీపీకి మంచిది కాదు. (నవ్వులు) పెద్ద హీరో సినిమా అయితే స్పెషల్ జీవో తెచ్చుకుని దీని మీద ఇంకా పెంచుతారు. కుర్రాడు ఒక్కడే కాబట్టి కట్టేస్తాడు. కుటుంబం కట్టదు, నెల తర్వాత ఇంట్లోనే చూద్దామంటుంది. అంటే మొదటి మూడు రోజుల డబ్బు కోసం పెంచిన రేటు తర్వాతి నాలుగు వారాల కుటుంబాలను ముందే పంపించేస్తుంది.

ఇక రాబోయేవి. 2026 సంగతి చూద్దాం, ప్రకటించిన తేదీలే చెబుతున్నాను, జరిగితే నా పూచీ లేదు. మార్చి 19న "టాక్సిక్", అదే రోజు "ధురంధర్" రెండో భాగం. మార్చి 26న "ది ప్యారడైజ్". మర్నాడు 27న "పెద్ది". శ్రీకాంత్ ఓదెల, బుచ్చిబాబు ఇద్దరూ నాకు నచ్చిన దర్శకులే. "పెద్ది"లో చరణ్ బ్యాట్ పట్టుకుని నేలకు కొట్టి ఆడే ఆ షాట్ ఎన్నిసార్లు చూశానో ఇక్కడ చెప్పను. రెహమాన్ పాట అప్పుడే అందరి నోళ్లలో ఉంది. కానీ తేదీలు చూడండి. ఆంధ్రాలో టెన్త్ పరీక్షలు మార్చి 16 నుంచి ఏప్రిల్ 1 దాకా. టెన్త్ పిల్లాడున్న ఇంట్లో ఆ రెండు వారాలు టీవీ కూడా పెట్టరు, సినిమాకా వెళ్తారు? మార్చి ఆఖరును పరిశ్రమ సమ్మర్ అంటోంది. ఇళ్లల్లో అది టెన్షన్ సీజన్. ఉగాది ఉంది, శ్రీరామనవమి ఉంది, హీరో పుట్టినరోజు ఉంది, అన్నీ చూసుకున్నారు. టైమ్‌టేబుల్ ఒక్కటీ చూడలేదు.

అసలు సెలవులు మొదలయ్యాక పెద్ద పేర్లలో తేదీ చెప్పి కూర్చున్నది నాకు కనిపించినంతలో మే 1న "గూఢచారి 2". బాగుంటుందనే ఆశ, మొదటిది నాకు ఇష్టం. ఎన్టీఆర్, ప్రశాంత్ నీల్ సినిమా జూన్ 25 అన్నారు, అంటే బడులు తెరిచాక. హాలీవుడ్ వైపు చూస్తే "టాయ్ స్టోరీ 5" జూన్ 19. వాళ్ల పిల్లలకు అప్పుడే సెలవులు, మన పిల్లలకు కొత్త పుస్తకాలకు అట్టలు వేసే రోజులు. 2027 వేసవికి రాజమౌళి గారి "వారణాసి" ఉంది. దాని గురించి నేను చెప్పేదేముంది, "బాహుబలి 2" వెయ్యి కోట్లు దాటిన తొలి భారతీయ సినిమా అయింది కూడా ఒక ఏప్రిల్ 28న మొదలుపెట్టే. కట్టప్ప ఎందుకు చంపాడని రెండేళ్లు బుర్ర బద్దలుకొట్టుకున్నవాళ్లలో సగం మంది బడి పిల్లలే.

అందుకే 2026లో నేను నిజంగా ఎదురుచూస్తున్నది "విశ్వంభర" కోసం. వశిష్ట దర్శకత్వం, సోషియో ఫాంటసీ. 2025 సంక్రాంతికి అన్నారు, రాలేదు. గ్రాఫిక్స్ బాగోలేవని టీజర్‌ను జనం ఏకిపారేశారు. ఆ తర్వాత చిరంజీవి గారే ఒక వీడియోలో, పిల్లలు మెచ్చే సినిమా కాబట్టి 2026 వేసవికి తెస్తున్నామని చెప్పారు. పిల్లల కోసం వేసవి అని ఒక పెద్ద హీరో నోటి నుంచి ఎన్నాళ్లకు విన్నాను! సినిమా ఎలా ఉంటుందో నాకు తెలియదు. తేదీ కూడా ఇంకా పక్కాగా చెప్పలేదు. గ్రాఫిక్స్‌కు ఇంకో నెల కావాలంటే తీసుకోండి, కానీ ఆ నెల మేలోనే అయిపోయేలా చూసుకోండి. అంతే నా మొర.

ఈ సభలో ఇద్దరు ముగ్గురు హాలు నడిపేవాళ్లున్నారని చెప్పారు. మీకు ఒక విన్నపం. మొన్న సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మే నెలలో వారం మధ్యలో మీ మార్నింగ్ షో ఎలాగూ పావు వంతు కూడా నిండదు. ఆ ఆటకు వంద లోపు టికెట్ పెట్టి, పిల్లల సినిమా ఒకటి వేసి చూడండి. కొత్తది లేకపోతే పాతది. "భైరవద్వీపం" వేస్తానంటే నేను మా వీధి పిల్లలందరినీ ఆటోల్లో దింపుతాను, ఆటో ఖర్చు నాది. ఎవరైనా ముందుకొస్తే సభ అయ్యాక నన్ను కలవండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక వరసల్లోకి పంపించండి బాబూ, అక్కడ ఒకాయన ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు. "పెద్ది" గురించి నేనేదో తేడాగా అన్నాననుకుంటున్నట్టున్నారు.